ఖాళీ పట్టిందా, బిడ్డా?

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, తలుపు చెక్కకు చిత్రిక పడుతుంటే ఫోన్ మోగింది. గోదావరిఖని నుంచి కాక కూతురు.

"అక్కా, బాపు పోయిండు," అంది. "తెల్లారంగనే చాయ్ అడిగిండు. నేను పెట్టుకొని అచ్చేసరికి గోడకు ఒరిగి గట్లనే ఉన్నడు. ఏం తక్లీఫ్ పడలే."

చిత్రిక కింద పెట్టాను. ఆమె మళ్ళీ, "ఇనవడుతుందా అక్కా?" అని అడిగింది.

"ఇనవడుతుంది," అన్నాను. ఆ ఒక్క మాట మూడేళ్ళ కిందట అనవలసిన చోట అనలేదు. అందుకే ఇవాళ ఇదంతా రాస్తున్నాను. కాక ఎంత మంచివాడో చెప్పడానికి ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. నేను చేసిన పని చెప్పడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.

కాక అని పిలిచానే గానీ ఆయన నాకు చుట్టం కాడు. బొగ్గుబాయిలో నీళ్ళు తోడే పంపుల దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా ఖలాసీగా చేసి దిగిపోయినవాడు. భార్య పోయాక కంపెనీ క్వార్టర్ల మధ్య ఉండబుద్ధి కాక కరీంనగర్ వచ్చి, నా వర్క్‌షాప్ పక్క గదిలో అద్దెకు దిగాడు. నేను వడ్లోళ్ళ పిల్లను. మా బాపు వడ్రంగం పని నా చేతికి వచ్చింది. పెళ్ళయిన మూడేళ్ళకు మా ఆయన తన దారి తాను చూసుకున్నాడు. అప్పటి నుంచి ఊరి చివర ఈ రేకుల షెడ్డు, నేను, నా ఉలులు. మనిషిని కదా, పక్కింట్లో దగ్గు వినపడినా ప్రాణానికి హాయిగా ఉండేది.

పంపుల మోతలో కాక చెవులు దాదాపు పోయాయి. ఎదురుగా నిలబడి, పెదవులు కనపడేలా గట్టిగా చెబితే అందుకునేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాడు, బాయిలో కూర్చున్నట్టే మడమల మీద గొంతుక్కూర్చునేవాడు. బొగ్గు ముట్టి ఎన్నేళ్ళయినా అన్నానికి ముందు గోళ్ళు బ్రష్షుతో తోముకునేవాడు. ఇక నా షెడ్డులోకి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర ఆగి, పై దూలాన్ని కర్రతో రెండుసార్లు కొట్టి, అరచేయి ఆనించి చూసి గానీ అడుగు పెట్టేవాడు కాడు. బాయిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో అలాగే చూస్తారట.

"కాకా, గిది బాయి కాదే, రేకుల షెడ్డు," అని నేను నవ్వేదాన్ని.

"రేకులైతే మాత్రం మీద పడయా?" అనేవాడు.

ఒకసారి అలా వచ్చినప్పుడే నా అవస్థ చూశాడు. అల్మారా తలుపులకు వెనీర్ అతికిస్తున్నాను. వెనీర్ అంటే కాగితమంత పల్చటి టేకు పొర. మామూలు పలక మీద జిగురు రాసి, ఆ పొర పరిచి, జిగురు ఆరేదాకా అంతటా ఒకే బరువు పడేలా అదిమిపెట్టాలి. నా దగ్గర అదిమే మిషను లేదు. ఇటుకలు, ఇసుక బస్తాలు, బాపు నాటి ఇనుప బిగింపులు, చివరికి గ్రైండరు రాయి కూడా పైకెక్కించేదాన్ని. ఎంత చేసినా నడిమిట్ల ఎక్కడో ఒకచోట అప్పడంలా ఉబ్బేది.

కాక ఆ ఇటుకల గుట్ట చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. "ఏంది బిడ్డా, గోరీ కడుతున్నవా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అయితే నువ్వే చెప్పు ఎట్ల వత్తాల్నో," అన్నాను.

"మనం వత్తేదేం లేదు. వత్తేది బయటి గాలి. లోపల ఖాళీ చేసి మనం పక్కకు జరగాలె, అంతే."

నాకు అర్థం కాలేదు. మర్నాడు గాలి తోడే పంపుగా పనికొస్తుందని ఒక పాత ఫ్రిజ్ కంప్రెసర్ సంకలో పెట్టుకొని వచ్చాడు. ఆ తర్వాత నెలరోజులు మా ఇద్దరికీ అదే లోకం. మందపాటి ప్లాస్టిక్ పట్టా తెచ్చి, మూడు వైపులా అతికించి, మనిషి పడుకునేంత సంచి చేశాం. నాలుగో వైపు మూయడానికి కరెంటు పైపును నిలువునా చీల్చి, పట్టా అంచును సన్న పైపుకు చుట్టి, దాని మీద చీల్చిన పైపును టప్పున ఎక్కించాడు. సంచి అడుగున పరిచే పలక అంచులు నాతో గుండ్రంగా చెక్కించాడు, మొన ఉంటే పట్టా చిరుగుతుందని. ఆ పలక మీద గళ్ళగళ్ళుగా గాడులు తీయించాడు, గాలి ఏ మూల నుంచైనా నడిచి రావడానికి. వెనీర్ మీద పరచడానికి జాలీ కావాలన్నాడు. బజారంతా తిరిగి దొరక్క చివరికి నా దోమతెర కోశాను. పంపు ఆగినప్పుడు గాలి వెనక్కి దూరకుండా ఒక వాల్వు కావాలి. దాన్ని కాకే తోలు వాషరుతో తన చేత్తో చేశాడు. ఎన్నిసార్లు ముద్దు చేశాడో దాన్ని, మనవణ్ణి ఎత్తుకున్నట్టు.

మొదటిసారి పంపు వేసినప్పుడు సంచి నిట్టూర్చినట్టు కిందికి దిగి, లోపలి పలకను నలువైపులా కరుచుకుంది. గోటితో పట్టా ఎత్తుదామన్నా లేవలేదు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. బడిలో చదివిన మాట గుర్తొచ్చి, "దీన్నే శూన్యం అంటరు కాకా," అన్నాను.

పెదవులు చూసి అందుకున్నాడు. అడ్డంగా తల ఊపాడు. "అద్దు. శూన్యమంటే ఎవలో పోయినట్టు ఇనవడుతది. ఖాళీ అను."

అప్పటి నుంచి మా ఇద్దరి భాషలో అది ఖాళీయే. ఖాళీ ఎంత పట్టిందో చూపే గేజీ ఒకటి పంపుకు బిగించాడు, దాని ముల్లు పైకి లేస్తుంటే వీపు తట్టి, "ఖాళీ పట్టిందా, బిడ్డా?" అని అడిగేవాడు. ముల్లు ఆయనకూ కనిపిస్తూనే ఉండేది. అయినా నన్ను అడిగేవాడు. పట్టింది అంటే మొహం వెలిగిపోయేది.

జిగురు రాయక ముందు ప్రతిసారీ ఉత్త సంచితో పరీక్ష చేయాలి. ఖాళీ పట్టించి, పంపు ఆపి, పావుగంట చూడాలి. ముల్లు కదలకపోతే సరే. జారిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. చిల్లు సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల కాకకు వినపడదు. అందుకని పని పంచుకున్నాం. ఆయన అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట తిప్పేవాడు, పొగ ఎక్కడ లోపలికి వంగుతుందో చూడటానికి. నేను పాత గ్యాస్ పొయ్యి పైపు ముక్క ఒక కొస చెవిలో పెట్టుకొని, రెండో కొస అతుకుల మీద నడిపేదాన్ని. చర్చికి పోయే మనిషి చేతిలో అగరుబత్తి చూస్తే నాకు నవ్వాగేది కాదు. "మా దేవునికి నీ చేతి అగరుబత్తి కూడ రాసిపెట్టి ఉన్నది కాకా," అనేదాన్ని. "మీ దేవుడేమో గని, నాకు కండ్లు మండుతున్నయ్, జల్ది ఇను," అనేవాడు. ఆయన చూపు కూడా తగ్గుతోంది. సన్న చిల్లులు పొగకు దొరికేవి కావు, నా చెవికే దొరికేవి.

"చిల్లుకు సిగ్గుండది బిడ్డా. అది చెప్తనే ఉంటది. మనమే ఇనం," అనేవాడు. అప్పుడు అది నాకు పని మాటలాగే అనిపించేది.

ఇంకో చిక్కు ఉంది. మా షెడ్డు ఎదురుగా గ్రానైట్ కోసే మిల్లు. పొద్దంతా ఆ రంపాల మోతలో ఈల కాదు కదా, మన మాటే మనకు వినపడదు. వాళ్ళు అన్నాలకు ఆపేది మధ్యాహ్నం ఒక గంట. మేము వినేది ఆ గంటలోనే. పొగ చెదరకుండా కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఆ రేకుల కింద ఇద్దరం ఇడ్లీల్లా ఉడికిపోయేవాళ్ళం. ఆ గంట దాటితే మళ్ళీ మర్నాటిదాకా ఆగవలసిందే.

రెండేళ్ళు అలా చేశాం. ఆఫీసు టేబుళ్ళు, పూజగది తలుపులు, ఒక డాక్టరుగారి ఇంటి గోడంతా. ఒక్క ఉబ్బు లేదు.

మూడేళ్ళ కిందటి ఎండాకాలంలో గోదావరిఖనిలో కాక వాళ్ళ చర్చికి రంగులు వేసి బాగుచేస్తున్నారు. పాస్టరుగారు నిలబడి ప్రసంగం చేసే పీట ముందు పలక తాను చేసిస్తానని కాక ఒప్పుకున్నాడు. "మీ చిన్నమ్మ గా చర్చి ఊడ్చిందే ఊడ్చింది, శనివారం శనివారం," అని పోయిన భార్యను తలుచుకొని నాతో అన్నాడు. ఒకే మొద్దు నుంచి తీసిన రెండు టేకు పొరలు తెచ్చాడు. పక్కపక్కన పరిస్తే తెరిచిన పుస్తకంలా గీత గీతకు కలిసేవి. వాటిని తడిగుడ్డ కప్పి నాలుగు రోజులు మంచం కింద దాచుకున్నాడు.

ఆ రోజు పెద్దపల్లిలో మా చెల్లెలి బిడ్డను చూసుకోవడానికి పెళ్ళివాళ్ళు వస్తున్నారు. ముందుగా రమ్మని చెల్లెలు పొద్దుటి నుంచి ఫోన్లు. మిల్లు ఆగింది. తలుపులు మూశాం, ఫ్యాను ఆపాం. నేను పైపు చెవిలో పెట్టుకొని అతుకుల వెంట నడిచాను. కింది కుడి మూల దగ్గర సన్నగా, దోమ కూతంత, ఈల వినపడింది.

విన్నాను. బాగా విన్నాను.

చెబితే ఏమవుతుందో తెలుసు. కాక ఆ మూల విప్పదీసి, తుడిచి, మళ్ళీ అతికించి, అది ఆరేదాకా ఆగి, రేపు మధ్యాహ్నం మళ్ళీ వినమంటాడు. చెమట నా కళ్ళల్లోకి కారుతోంది. బస్సు టైమవుతోంది. అసలు నిజం చెప్పాలంటే, ఆయన చాదస్తం మీద ఆ పూట నాకు విసుగు వచ్చింది. దోమ కూతంత ఈలకు ఏమవుతుందిలే అనుకున్నాను.

కాక గేజీ దగ్గర గొంతుక్కూర్చొని ఉన్నాడు. "ముల్లు జర జారినట్టున్నది. ఏమన్న ఇనవడుతుందా?" అన్నాడు.

"ఏం లేదు కాకా."

"మంచిగ ఇను."

"ఇన్న. ఏం లేదు."

నా పెదవుల వంక చూశాడు. నమ్మాడు. గేజీని వేలితో తట్టి, "అయితే గీ ముల్లే ఖరాబైనట్టున్నది," అన్నాడు. నా చెవిని అనుమానించడం కంటే తన గేజీని అనుమానించడం ఆయనకు తేలికైంది.

జిగురు రాశాం. పొరలు పరిచి, జాలీ వేసి, సంచి మూశాం. నేను బస్సెక్కాను. చిల్లు ఉంది కాబట్టి పంపు ఆగకుండా తిరగవలసి వచ్చింది. తిరిగి తిరిగి వేడెక్కి ఆగిపోయింది. పంపు ఆగితే చప్పుడు ఆగుతుంది, కానీ ఆ చప్పుడు ఆయనకు వినపడేది కాదు. పంపు మీద చెయ్యి ఆనించి చూసుకుంటూ కూర్చున్న మనిషికి ఎండకు కాస్త కునుకు పట్టింది. ఆ కాసేపట్లో ఆ మూల నుంచి గాలి దూరి సంచి వదులైంది. చిల్లే లేకపోతే పంపు ఆగినా ఏమయ్యేది కాదు. ఆయన ఎంతసేపు నిద్రపోయినా సంచి ఖాళీ పట్టుకొనే ఉండేది.

పలక బయటికి తీసినప్పుడు చూడముచ్చటగా ఉంది. పాలిష్ వేసి చర్చిలో బిగించాం. మొదటి వానలకు కింది కుడి మూల ఉబ్బింది.

కమిటీ పెద్దలు పిలిస్తే ఇద్దరం వెళ్ళాం. వాళ్ళు ఒక్క మాట అనలేదు, చిన్నదే కదా అన్నారు. కాకే లేచి నిలబడ్డాడు. "నాకు కునుకు వట్టింది. నా వాల్వు గాలి ఇడిచింది. తప్పు నాదే," అన్నాడు. నేను పక్కనే నిలబడి చెప్పుల వంక చూసుకున్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు.

తర్వాత ఆ వాల్వును ఎన్నిసార్లు విప్పాడో లెక్క లేదు. వాషరు మార్చేవాడు, బిగించేవాడు, మళ్ళీ విప్పేవాడు. ఏ దోషమూ లేని దానిలో దోషం వెతుకుతుంటే ఎలా దొరుకుతుంది? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపాను. ఒక పొద్దున వచ్చి, మొదటిసారి దూలం కొట్టకుండానే లోపలికి అడుగు పెట్టి, "ఇగ నాతోని కాదు బిడ్డా. చెయ్యి పోయింది. నువ్వే చూసుకో," అన్నాడు. ఆ నెలలోనే గది ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆటో నేనే ఎక్కించాను.

ఆదివారాలు ఫోన్ చేసేదాన్ని. ఫోన్లో పెదవులు కనపడవు కదా. ఒకసారి తలుపులన్నీ వేసుకొని, గొంతు చించుకొని అరిచాను: "కాకా, గా దినం ఈల ఇనవడ్డది! నేను చెప్పలే!"

"ఆఁ? ఆఁ? మంచిగున్న బిడ్డా, మంచిగున్న," అన్నాడు. "నువ్వు తిన్నవా?"

ఎదురుగా వెళ్ళి చెప్పవలసింది. రెండు గంటల బస్సు ప్రయాణం. మూడేళ్ళలో ఆ రెండు గంటలు నాకు దొరకలేదంటే మీరు నమ్మకండి. నాకు ధైర్యం లేకపోయింది, అంతే.

చనిపోయాక వెళ్ళాను. చర్చి నిండా జనం, పాత బాయి మనుషులు. పెట్టెను ఆ పీట ముందే ఉంచారు. పాస్టరుగారు, ఎవరైనా రెండు మాటలు మాట్లాడమన్నారు. నా కాళ్ళు నన్ను లేపాయి. అంతా చెప్పాను. పైపు, ఈల, బస్సు, నా అబద్ధం. చిల్లు లేకపోతే కునుకు వల్ల ఏమీ అయ్యేది కాదని, వాల్వులో ఏ తప్పూ లేదని, ఈ ఉబ్బు కాకది కాదు, నాదని. చివరిదాకా చెప్పాను. ముందు వరుసలో ఒక ముసలామె "ఆమెన్" అంది. సంచి ఏమిటో, ఖాళీ ఏమిటో, ఈల ఏమిటో అక్కడ ఎవరికి తెలుసు? బయటికి వస్తుంటే కమిటీ పెద్దాయన నా చేయి పట్టుకొని, "ఎంత తగ్గించుకొని మాట్లాడినవమ్మా," అన్నాడు. నేను చేసింది ఎంత పెద్ద తప్పో తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన ఆ పెట్టెలో ఉన్నాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక చాయ్ ఇస్తుంటే ఆ పెద్దాయన దగ్గరికే మళ్ళీ వెళ్ళాను. "కొత్త పలక చేసి తెస్త సార్, గిది తీసేద్దాం," అన్నాను.

"అద్దమ్మా," అన్నాడాయన. "గిది ఆయన చేతిపని. గా ఉబ్బు కూడ ఆయనదే. ఆయన యాదికి ఉండనీ."

కాక కూతురు నా భుజం పట్టుకొని పీట దగ్గరికి తీసుకెళ్ళింది. పూలన్నీ తీసేశారు. ఒకరిద్దరు కుర్చీలు సర్దుతున్నారు. ఆమె వంగి కింది కుడి మూల చూపించింది.

"ఆరాధన అయినంక అందరు పోయేదాక ఆగి, బాపు గీడికొచ్చి కూసునేటోడు అక్కా. బొటనేలుతోని గిట్ల వత్తి చూసెటోడు. ఏం చూస్తున్నవ్ బాపూ అంటే, 'గీడ గాలి ఎట్ల జొచ్చిందో సమజైతలేదు బిడ్డా' అనేటోడు. మూడేండ్లు, వారం వారం."

పలకంతా పాలిష్ మెరుస్తోంది. ఆ మూలన మాత్రం బొటనవేలు పట్టేంత మేర పాలిష్ అరిగి టేకు తేలి ఉంది. నేను ఆయనలాగే గొంతుక్కూర్చొని అక్కడ వేలు పెట్టి వత్తాను. లోపలికి పోయింది. వేలు తీశాను. మెల్లగా మళ్ళీ పైకి లేచింది.